పిడి మీద రెండో చెయ్యి

కరెంటు పోయిన క్షణంలో రామతులసి కిటికీ దగ్గర నిలబడి వానని చూస్తోంది. పట్టపగలే, ఇంకా భోజనాలవేళ కూడా దాటలేదు, అయినా జయపురం మీదికి శ్రావణమాసపు మబ్బు దిగివచ్చి రైసుమిల్లు పొగగొట్టాన్ని సగానికి మింగేసింది. గోడౌనులో మోటారు రొద ఆగిపోయింది. ఆగిన తరువాత గాని అది అంతసేపూ మోగుతోందని ఆమెకు తెలియలేదు. మిల్లు ఫిట్టరు అసిరయ్య బల్లకింద నుంచి ఇనప పిడి లాగి, నెత్తురు తిప్పే పంపు ఇరుసుకి తగిలించి, అప్పుడే తిప్పడం మొదలుపెట్టేశాడు. బల్లమీద తెల్ల కుందేలు వెల్లకిలా పడుకుని ఉంది. నాలుగు కాళ్ళూ గుడ్డపీలికలతో కట్టి ఉన్నాయి. దాని రొమ్ము తెరిచి, అందులో వేళ్ళు పెట్టి కుడుతున్న మల్లేశ్వరరావు తల కూడా ఎత్తలేదు. అతను రామతులసికి ఒక్కగానొక్క తమ్ముడు, సర్కారు ఆసుపత్రిలో సర్జను.

"అసిరయ్యా, మిల్లులో ఆయిలింజను అందుకుంటే ఇటు లైను వస్తాది కదా?"

"వస్తాది బాబూ. గాని వానలు పడ్డకాణ్ణించి దాన్ని ముట్టనేదు. మొరాయిస్తాదేమో."

"ఎలాగోలా లేపు. అప్పా, నువ్విటు రా. పిడి పట్టుకో. నేను దీని గుండె ఆపేసేను. ఇది కుట్టడం అయ్యేదాకా నీ చెయ్యే దీనికి గుండె. ఏటొచ్చినా ఆపకు."

అసిరయ్య చేతిపక్కనే ఆమె చెయ్యి వేసింది. అతను ఒక చుట్టు ఆమెతో కలిసి తిప్పి, వాటం చూపించి, వదిలేసి గోనెపట్టా నెత్తిన కప్పుకుని వానలోకి పరిగెత్తాడు. గోడౌనులో చీకటి చిక్కబడింది. లాంతరు వెలిగించడానికి లేదు, మత్తుకి వాడే ఈథరు గాలికి నిప్పు తగిలితే భగ్గుమంటుంది. దూలానికి తాడుకట్టి వేలాడదీసిన టార్చిలైటు ఒక్కటే కుందేలు రొమ్ములోకి తొంగిచూస్తోంది. "ఇటు చూడకు అప్పా," అన్నాడు తమ్ముడు, "చూస్తే చెయ్యి తడబడతాది. కావలిస్తే కళ్ళు మూసుకో. చప్పుడు విను, అంతే."

సుయ్యిమని ఒక రోలరు రబ్బరు గొట్టాన్ని నొక్కుకుంటూ పోతుంది, టక్కుమని వదిలేస్తుంది, దాని వెనకే రెండోది అందుకుంటుంది. సుయ్యి, టక్కు. సుయ్యి, టక్కు. ఈ రోలర్లు అసిరయ్య మిల్లు లేతుమీద తీసినవే, ఈ గొట్టాలు మాత్రం తమ్ముడు మద్రాసునుంచి తెప్పించాడు, గాజుబుడ్డీలోకి బుడబుడమని ఆక్సిజను పంపే ఆ సిలిండరు మిల్లులో వెల్డింగుకి తెచ్చిపెట్టుకున్నది. బుడ్డీ అడుగున నల్లటి నెత్తురు చేరుతుంది, నురగై పైకి పాకుతుంది, రెండో గొట్టంలోకి వచ్చేసరికి ఎర్ర మందారం. నెత్తురుకి రెండు రంగులుంటాయని తమ్ముడు చెప్పేదాకా ఆమెకు తెలియదు, నల్లదేదో మాత్రం తెలుసు, అది రోజూ తన కూతురి పెదాలమీద చూస్తున్నదే. చూడకూడదు. చప్పుడు వినాలి. ఇది తిరగలి చప్పుడు కాదు గాని తిరగలి వాటమే, భుజం కాదు నడుము తిప్పాలని అమ్మ చెప్పేది, మినుములు విసిరేటప్పుడు ఎదురుగా కూచుని ఒకే పిడిని ఇద్దరూ పట్టుకునేవాళ్ళు, సగం చుట్టు అమ్మది, సగం చుట్టు తనది, అమ్మ లాగుతుంటే తన చెయ్యి ఊరికే వెంట పోయేది, ఆ ఊరికే పోయే సగంలో నిద్ర వచ్చేది. ఇక్కడ ఎదుట ఎవరూ లేరు. రెండు సగాలూ తనవే. సుయ్యి, టక్కు. అటుపక్క మూలన బుట్టమీద కప్పిన తడిగోనె కొద్దిగా లేచి పడినట్టు అనిపించింది. కాదు, గాలి. బుట్టలో నల్లచెవిది ఉంది, ఈ బల్లమీదిదాని తల్లి, పొద్దున్నే దాని ఒంట్లో నెత్తురంతా ఈ గొట్టాల్లోకి వచ్చేసింది, ఇంక బుట్టలో లేచి పడవలసినది ఏమీ లేదు. ఆమె మళ్ళీ చూసింది. పిడి పైకొచ్చినప్పుడు గోనె లేచింది. పిడి కిందికెళ్ళినప్పుడు పడింది. ఆమె కళ్ళు మూసుకుంది.

మూసుకున్న కళ్ళవెనక కూతురు బుల్లి గొంతుక్కూచుని ఉంది. ఎప్పుడూ అంతే, నాలుగడుగులు పరిగెడితే చాలు, మోకాళ్ళు డొక్కల్లోకి ముడుచుకుని కూచుండిపోతుంది, అలా అయితేగాని ఊపిరందదు, తోటిపిల్లలు అదేదో ఆటనుకుని వాళ్ళూ పక్కన కూచునేవారు. తొమ్మిదేళ్ళది, ఆరేళ్ళదానిలా ఉంటుంది, వేళ్ళ చివర్లు ఉబ్బి గోళ్ళు నీలంగా ఉంటాయి. గుండెలో చిల్లుందన్నాడు తమ్ముడు. అప్పుడతను దక్షిణాన ఒక పెద్ద ఆసుపత్రిలో పనిచేసేవాడు, అక్కడ మనిషి గుండెని కాసేపు పక్కన పెట్టి ఆ పని తాను చేసే మిషను ఉంది, దానిమీద కుక్కల్ని కట్టి నేర్చుకునేవారు, బుల్లిని అక్కడికే తీసుకెళ్ళింది తను. పెద్దడాక్టరు చెవిగొట్టం పెట్టి చాలాసేపు విని, మిషను పెద్దవాళ్ళకమ్మా, దాన్ని నింపడానికే ఆరేడుగురి నెత్తురు కావాలి, అంత పరాయి నెత్తురు ఈ పిట్ట ఒళ్ళు తట్టుకోలేదు, పెరగనివ్వండి, అన్నాడు. పెరిగేదాకా ఉంటుందా అని తనడగలేదు, ఆయన చెప్పలేదు. తమ్ముడు ఉద్యోగం మార్పించుకుని సొంతవూరు వచ్చేశాడు. కుక్కలు బుల్లికంటే పెద్దవి అప్పా, అన్నాడు, దీనికి సరిపడే మిషను కావాలంటే దీనంత జీవం మీద చేసి చూడాలి. ఆదివారాల పనికని పుట్టింటి మిల్లులో ఊక గోడౌను ఖాళీ చేయించి సున్నం కొట్టించాడు. సీమకుందేళ్ళు తెప్పించాడు. వాటికి తవుడు కలిపి పెట్టడం తన పని, పేర్లు పెట్టడం బుల్లి పని. అటుకులు, పేలాలు, నల్లచెవిది, గుమస్తా. గుమస్తా మొహం అచ్చం మిల్లు గుమస్తా మొహంలాగే ఉండేది, ఎప్పుడూ ఏదో నములుతూ, ఎవర్నీ నమ్మనట్టు.

గుమస్తా గురించి ఇప్పుడు తలుచుకోకూడదు. చెయ్యి తిరుగుతోందా? తిరుగుతోంది. బల్లమీద చచ్చి బతికిన మొట్టమొదటిది అదే, మిగతావన్నీ చచ్చి ఊరుకున్నవే. దాన్ని మిషనుకి కట్టిన రోజున గొట్టాలు నింపడానికి నాలుగు కుందేళ్ళ నెత్తురు పట్టింది, ఆ నాలుగింట్లో ఒకటి రేపో మాపో ఈనే చూలు కుందేలని కోశాక గాని తెలియలేదు. గుమస్తా కళ్ళు తెరిచింది, నీళ్ళు తాగింది, తమ్ముడు పిచ్చివాడిలా నవ్వుతూ గోడౌనంతా తిరిగాడు. మూడోనాడు పొద్దున తను తవుడు తీసుకెళ్ళేసరికి అది రొమ్ముమీద బొచ్చు పళ్ళతో పీక్కుంటోంది. కుట్లపక్కన ఎర్రటి చర్మం బయటపడేదాకా పీకి, ఆ బొచ్చుని ఊకలో కలిపి, గూడు కట్టింది. చూలుకుందేళ్ళు ఈనేముందు కట్టుకునే గూడు. అది మగది. గూటి మధ్యలో కూచుని, ఆ ఒట్టి గూటిని పొట్టకింద దాచుకుని, దగ్గరికొస్తే గుర్రుమనేది. మత్తు ఇంకా దిగలేదు, అంతే అప్పా, అన్నాడు తమ్ముడు. అప్పుడు బుల్లి పంజరం ఎదుట గొంతుక్కూచుని చాలాసేపు చూసి, తల తిప్పకుండానే అడిగింది.

"మామా, ఇది గుమస్తా కాదు కదా?"

"గుమస్తా కాకపోతే మరెవరే?"

"ఆ బొజ్జది, నెత్తురు తీసేరు కదా, అది. మరి గుమస్తా ఎక్కడికెళ్ళిపోయేడు?"

తమ్ముడు నవ్వాడు. గుండె ఆపినంతసేపూ అది ఎక్కడికీ వెళ్ళదే అమ్మి, ఇక్కడే ఉంటాది, దాని పని మిషను చేస్తాది, అని చెప్పాడు. బుల్లి సరేనంది. గుమస్తా ఆ గూడు వదలకుండానే తిండి మానేసి చచ్చిపోయింది, పొట్టకింద ఊక ఇంకా వెచ్చగా ఉంది, తనే తీసి చూసింది, ఏముంటుందని చూసిందో తెలియదు. ఆనాటి నుంచి తనకి అన్నం సయించలేదు. ఆరేడుగురి నెత్తురు. ఆ ఆరేడుగురు ఎవరు? ఏ సత్రంలోంచో ఏ రిక్షాస్టాండులోంచో వచ్చి చెయ్యి చాపినవాళ్ళు, వాళ్ళ ఇళ్ళలో ఏమున్నాయో, వాళ్ళు ఏం పోగొట్టుకున్నారో, ఎవరికోసం గూళ్ళు కట్టుకుంటున్నారో. బల్లమీదికి బుల్లి ఎక్కుతుంది, దిగి నడిచి వచ్చి తనని అమ్మా అంటుంది, ఆ అన్నది ఎవరు? ఒకనాడు వంటింట్లో తమ్ముడికి అన్నం వడ్డిస్తూ చెప్పేసింది, ఎవరెవరిదో ఒద్దురా, నా నెత్తురే పొయ్యి, ఎంత కావాలంటే అంత తీసుకో. తమ్ముడు ముద్ద చేతిలో పెట్టుకుని ఆలోచించాడు. అతని ఆలోచన వేరు. గొట్టాలు ఇంకా పొట్టి చేసి, సగానికి నెత్తురు బదులు ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పోస్తే ఒక్కరి నెత్తురుతో సరిపోతుందేమో అప్పా, అన్నాడు. అందుకే ఇవాళ. అందుకే పిల్ల బల్లమీద, తల్లి బుట్టలో. పేలాలుకి నల్లచెవిదాని నెత్తురు. పొద్దున నల్లచెవిదాన్ని ఒళ్ళో పెట్టుకుని తవుడు తినిపించింది తనే, మూతికంటిన తవుడు కొంగుతో తుడిచి తమ్ముడి చేతికిచ్చింది తనే. అది పెనుగులాడలేదు. ఒక్కసారి తనకేసి చూసింది, నీకూ తెలుసుగా అన్నట్టు.

"అప్పా, కాస్త జోరు."

కాస్త జోరు. సుయ్యిటక్కు, సుయ్యిటక్కు. మోచెయ్యి దగ్గర నరం పట్టేసింది, చెమట కనుబొమ్మల మీంచి కళ్ళలోకి దిగుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి లేదు, ఎడమచెయ్యి పంపు కదలకుండా చెక్కని అదిమిపట్టుకుంది. అసిరయ్య ఎక్కడ? వానలో మిల్లువైపునుంచి ఇంజను దగ్గు ఒకటి వినిపించింది, దగ్గి ఊరుకుంది. రాయగడలో ఈపాటికి ఆయన, బుల్లి నాన్న, బట్టలకొట్లో తానులు మడతపెట్టిస్తూ ఉంటాడు. ఢిల్లీశ్వరరావుగారి భార్య పుట్టింట్లో కుందేళ్ళు పెంచుతోందట అని రాయగడ బజారులో నవ్వుకుంటున్నారట. లక్ష్మీపూర్, కోరాపుట్ మీదుగా ఒక రోజంతా బస్సులో కుదుపులు పడి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా వీధరుగుమీదే నిలబడి అడిగాడు ఆయన, ఒకడిని మట్టిలో పెట్టేం కదే, దీన్ని కత్తికిస్తావేటి? ఆయన ఒకడు అన్నాడు, బుల్లికి ముందు పుట్టినవాడి పేరు అనలేదు. వాడికి పేరుంది, బారసాల చేసి పెట్టిన పేరే, ఇంట్లో ఎవరూ అనరు.

ఎంతసేపయింది? చెయ్యి తనది కానట్టు అయిపోతోంది, తిరుగుతోంది, ఎవరో తిప్పుతుంటే తాను చూస్తున్నట్టుంది. దీనికి ప్రాణం ఉందా ఇంకా? గుండె ఆపేసినదానికి ప్రాణం ఉన్నట్టెలా తెలుస్తుంది? ఒకవేళ ఎప్పుడో పోయి ఉంటే, తాను తిప్పుతున్నకొద్దీ నెత్తురు తిరుగుతూనే ఉంటుంది, చెవులు ఎర్రగానే ఉంటాయి, తనకేం తెలుస్తుంది. వాడప్పుడూ అంతే. రాయగడ స్టేషన్లో రైలెక్కినప్పుడు వాడు ఏడుస్తున్నాడు, ఏడిస్తే వంకాయ రంగులోకి పోయేవాడు, విజయనగరం పెద్దడాక్టరు దగ్గరికి, అయిదోనెల. రైలు కదిలాక ఏడుపు ఆపాడు. తను ఒళ్ళో వేసుకుని మోకాళ్ళు ఊపుతూ జోకొడుతూనే ఉంది, కూనేరు వచ్చింది, కొండలు పోయాయి, పార్వతీపురం వచ్చింది, ఆయన దిగి టీ తాగి వచ్చాడు, తను జోకొడుతూనే ఉంది, రైలు చప్పుడుకి సరిగ్గా, ఒక్క తాళం తప్పకుండా, నిద్రపోతున్నాడు నా తండ్రి, ఎన్నాళ్ళకి నిద్రపోతున్నాడు. ఏ స్టేషన్లో దిగిపోయాడో ఇప్పటికీ తెలియదు. తను మాత్రం ఊపుతూనే ఉంది. చేతికి తెలియదు. ఒళ్ళో ఉన్నది ఎవరో, ఉన్నారో లేదో చేతికి ఎప్పటికీ తెలియదు, దానికి ఊపడం ఒకటే తెలుసు, తిప్పడం ఒకటే తెలుసు, సుయ్యి, టక్కు.

అప్పుడు పిడి తేలికయింది.

మొదట గొట్టం ఊడిపోయిందేమో అనుకుంది, కాదు, చప్పుడు మారలేదు. సగం చుట్టు తాను తిప్పుతోంది, మిగతా సగం దానంతట అదే పోతోంది. తిరగలి దగ్గర అమ్మ లాగినప్పటిలా. ఆ సగంలో తన చెయ్యి ఊరికే వెంట పోతోంది. అమ్మా, అనుకుంది, కాని అమ్మ చెయ్యి కాదు, అమ్మ చెయ్యి బరువు, కాయలు కాసిన చెయ్యి. తన చిటికెనవేలి కింద, పిడి అడుగున, ఏదో చల్లగా ఆనుకుని ఉంది. చిన్నది. తడి. వాన నీళ్ళ తడి కాబోలు, మట్టిలోంచి వచ్చిన తడి కాబోలు. భయం వేయలేదు. అదే వింత, భయం వేయకపోవడం. వచ్చేవా నాన్నా, అనుకుంది, ఇన్నాళ్ళకి వచ్చేవా, వాడుంటే ఇప్పుడు పిడి తిప్పగలిగేంత అయ్యేవాడే, చెల్లెలికోసం వచ్చేవా, మీ మామ మిషను చూద్దామని వచ్చేవా, తిప్పు నాన్నా, కాస్సేపు తిప్పు, అమ్మకి చెయ్యి పీకేస్తోంది. అటువైపునుంచి ఊపిరి వినిపిస్తోంది, చిన్నగా, గసపెడుతూ, ముక్కుపుటాలు ఎగరేసుకుంటూ తీసే ఊపిరి, ఆ ఊపిరి తనకి తెలుసు, ప్రపంచంలో దానికంటే బాగా తెలిసిన చప్పుడు ఇంకొకటి లేదు. కళ్ళు తెరవకూడదు. తెరిస్తే పోతాడు. రైలు పార్వతీపురం దాటింది, బొబ్బిలి వైపు పోతోంది, ఎదురు బల్లమీద పనసపళ్ళ బుట్ట పెట్టుకుని ఒక ముసలమ్మ కూచుని ఉంది, చాలాసేపటి నుంచి తన ఒళ్ళోకే చూస్తోంది, తమలపాకు నమలడం ఆపేసింది, ముందుకు వంగింది, వంగి, చాలా మెల్లగా, ఎవరికీ వినబడకూడదన్నట్టు అంది. అమ్మీ, ఓపాలి ఆ బిడ్డ మొకం సూడు.

రామతులసి కళ్ళు తెరిచింది.

బుల్లి. నిలువునా తడిసిపోయి ఉంది, జుట్టు చెంపలకి అంటుకుపోయి ఉంది. ఇంటి అరుగుమీద కూచోమని చెప్పి వచ్చిన పిల్ల, వానలో మిల్లు వాకిలంతా దాటి వచ్చి, రెండు చేతులతో పిడి కిందిభాగం పట్టుకుని, ఒళ్ళంతా వాల్చి తిప్పుతోంది. చూపు బల్లమీదే ఉంది. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి, చెంపలు కూడా, కళ్ళకింద కూడా.

"అమ్మీ! వొదులు!"

"పేలాలుకి," అంది బుల్లి. గాలి చాలక అంతకంటే మాట రాలేదు. పిడి వదల్లేదు. ఇంకో అర చుట్టు తిప్పింది. అప్పుడు కళ్ళు తేలేసింది.

రామతులసి ఎడమచేత్తో పిల్ల జబ్బ అందుకుంది. కుడిచెయ్యి ఇంకా తిరుగుతూనే ఉంది. ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది, పిల్ల ఆ చేతిలోంచి తడి గుడ్డలా జారిపోతోంది, తల పంపు ఇనపకాలి వైపు వాలిపోతోంది. ఒక్క చెయ్యి చాలదు. ఆ సంగతి ఆమెకు చాలా స్పష్టంగా, నింపాదిగా తెలిసింది, ఎదుట కూచుని ఎవరో విప్పి చెప్పినట్టు. తెలిసే పిడి వదిలేసింది. రెండు చేతులతో పిల్లని లాక్కుని, ఊకలో కూలబడి, గొంతుక్కూచున్నట్టు దాని మోకాళ్ళు రెండూ మడిచి రొమ్ములోకి అదిమిపెట్టి, అలాగే పట్టుకుంది.

"అప్పా! ఏటయ్యింది? తిప్పు! అప్పా!"

ఆమె వినలేదనడం అబద్ధం. వింది. తమ్ముడి కళ్ళద్దాలు బల్లమీది టార్చి వెలుగులోంచి చీకట్లోకి తిరిగాయి, వెతికాయి. "బుల్లేనా అది? అయ్యో, బుల్లి ఎలాగొచ్చింది?" అతని వేలు కుట్టని చిల్లుమీద ఉంది, తీస్తే నెత్తురు చిమ్ముతుంది, ఆ వేలు అక్కడే ఉంచి రెండో చెయ్యి పిడికేసి చాపాడు. అందలేదు. జానెడు దూరం. గొట్టాల్లో నెత్తురు నిలబడిపోయింది. మందారం రంగు మెల్లగా మసకబారి, ఎండిన తమలపాకు కాడలా, ఆ తరువాత నల్లగా. గాజుబుడ్డీలో బుడగలు మాత్రం ఏమీ తెలియనట్టు బుడబుడలాడుతున్నాయి. తమ్ముడు బల్లకేసి తిరిగి, వేళ్ళమధ్య గుండెని పట్టుకుని నొక్కడం మొదలుపెట్టాడు. నొక్కుతున్నాడు, వదులుతున్నాడు. ఏదో గొణుగుతున్నాడు. మూలనున్న బుట్టకేసి చూసింది రామతులసి. గోనె కదలడం లేదు.

ఎంతసేపో అలా. వాన, బుడగలు, మడిచిపెట్టిన మోకాళ్ళమీద తన గడ్డం. పిల్ల ముక్కుపుటాలు ఎగిరెగిరి, ఎగిరెగిరి, నెమ్మదించాయి. కళ్ళకింద నలుపు విరిగింది. చేతిలో ఉన్న ఒళ్ళు బరువెక్కింది, బతికున్న ఒంటి బరువు, ఆ తేడా ఆమెకు తెలుసు. "మామా," అంది బుల్లి ముందుగా, ఆ తరువాత, "అమ్మా, చలి." బల్లదగ్గర తమ్ముడి మోచేతులు కదలడం ఆగిపోయాయి. అతను నిటారుగా నిలబడ్డాడు.

అప్పుడే దూలం మీది బల్బులో తీగ ఎర్రగా నిప్పుకణికలా కనిపించి, పసుపైంది. మోటారు మూలిగింది, బెల్టు ఒక్క కుదుపు కుదిపి అందుకుంది. ఇరుసుకి తగిలించి ఉన్న ఇనప పిడి, ఎవరూ పట్టుకోకుండా, గాలిలో గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. సుయ్యి, టక్కు. గొట్టంలో నల్లనెత్తురు కదిలి బుడ్డీలోకి పోయింది, ఎర్రగా తిరిగి వచ్చింది. బల్లమీద పేలాలు చెవులు, కాగితంలా పాలిపోయి ఉన్నవి, అంచులనుంచి గులాబీరంగు ఎక్కుతున్నాయి. రామతులసి చూస్తోంది. చెవుల్లో సన్నటి నరాలు ఒక్కొక్కటే వెలిగాయి. మూతి ఎర్రబడింది. నిద్రలో ఉన్న కుందేలు మొహం, ఆరోగ్యంగా ఉన్న కుందేలు మొహం.

"బతికింది!" అంది బుల్లి, తల్లి ఒళ్ళోంచి మెడ సాచి. "మామా, పేలాలు బతికింది, చెవులు చూడు!"

మల్లేశ్వరరావు చెవులకేసి చూడలేదు. టార్చి వెలుగులో రొమ్ములోపలికి చూస్తున్నాడు. అక్కడ ఏం కనబడుతోందో అతని మొహం చూసి రామతులసికి అర్థమయింది. గుమ్మంలో నీళ్ళు కారుతూ అసిరయ్య ప్రత్యక్షమయ్యాడు, చేతులనిండా నల్లటి మడ్డి, మొహంనిండా నవ్వు. "అందుకుంది బాబూ! ఎంత మొండికేసిందో! పాత కిరసనాయిలు పోసి, తాడేసి లాగితే..." తిరుగుతున్న పిడిని చూశాడు. కింద ఊకలో కూచున్న రామతులసిని చూశాడు. నవ్వు ఎక్కడుంచాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉంచుకుని, తీసేశాడు.

"ఆపేయమంటారా బాబూ?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"ఉండనీ," అన్నాడు మల్లేశ్వరరావు. "పిల్ల వెళ్ళేదాకా ఉండనీ." తువ్వాలు తీసి కుందేలు రొమ్ముమీద కప్పాడు, చెవులు మాత్రం పైకి కనబడేట్టు. చేతులు కడుక్కోకుండానే వచ్చి బుల్లి ఎదుట గొంతుక్కూచుని, మణికట్టు పట్టుకుని నాడి చూశాడు. అక్క మొహంలోకి చూడలేదు. కోపం కాదు. "మళ్ళీ చూద్దాం అప్పా," అన్నాడు చివరికి నేలకేసి చూస్తూ, "అటుకులుంది కదా. వాన తగ్గనీ."

"మామా," అంది బుల్లి, "నన్ను మిషనుకి కట్టినప్పుడు కూడా కరెంటు పోతాదా?"

"పోదే అమ్మి. అది పెద్ద ఊరు. అక్కడ పోదు."

"పోతే మటుకు అమ్మని తిప్పమనకు. అసిరయ్య తాతని తిప్పమను." కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు, ఏ నిష్ఠూరమూ లేకుండా చెప్పింది. "అమ్మ ఆపేస్తాది."

మోటారు మోగుతోంది. ఆ మాట రామతులసి లోపలికి పోయింది, పోయి ఎక్కడా అడుగు తగలక ఇంకా దిగుతూనే ఉంది, ఔనమ్మా అనాలో, నీకోసమే కదే అనాలో. తమ్ముడు తననే చూస్తున్నాడని అప్పుడు గమనించింది. మొహంకేసి కాదు, చేతికేసి. ఆమె కూడా చూసుకుంది. కుడిచెయ్యి బుల్లి వీపుమీద ఉంది. గుప్పెట బిగిసి ఉంది, దేన్నో పట్టుకున్నట్టు. గుండ్రంగా తిరుగుతోంది.

"అమ్మా, ఇంక చాలు," అంది బుల్లి.

చెయ్యి ఆగలేదు.